నాలుగు మూలల పసుపు

నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు అబద్ధం చెప్పడం చేతకాదనే అనుకున్నాను. చేతకాక కాదు, అవసరం పడక. అవసరం పడిన రోజు మంచినీళ్ళు తాగినంత సులువుగా చెప్పేశాను. "రెండో శనివారం సెలవు కదా, మా బడి టీచర్లమంతా కలిసి తిరుపతికి పోతాండాం" అన్నాను, రొట్టె కాలుస్తూ, వెనక్కి తిరగకుండా.

మా ఆయన ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. ఫోనులోంచి తల ఎత్తకుండానే "పోయి రా" అన్నాడు. కొండకు పోతానంటే వద్దనే మగవాడు మా వైపు ఇంకా పుట్టలేదు. మా అత్త మాత్రం మంచం మీద లేచి కూర్చుంది.

"నేనూ వస్తా కదమ్మీ."

"టికెట్లు ముందే తీసేసినారత్తా. బడి వాళ్ళకే."

"ఆ దేవునికి గూడా బడి వాళ్ళే కావాల్సొచ్చినారా" అని మళ్ళీ పడుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

టీచర్లెవరూ ఎక్కడికీ పోవడం లేదు. నేను బెంగళూరుకు పోతున్నాను. ఒక్కదాన్నే. ఒక మంచి హోటల్లో ఒక రాత్రి ఉండి రావడానికి.

ఎవరినో కలవడానికి కాదు. డాక్టరుకు చూపించుకోవడానికి కాదు. ఊరు చూడటానికి కూడా కాదు. ఇంట్లో చెప్పలేకపోవడానికి కారణం కూడా అదే. పనుంటే చెప్పుకోవచ్చు. పనేమీ లేకుండా పెళ్ళయిన ఆడమనిషి పోయి హోటల్లో గది తీసుకుందంటే మా ఆదోనిలో అడిగేవి రెండే ప్రశ్నలు. మొగుడితో కొట్లాడిందా? లేకపోతే ఇంకేమన్నానా? మూడో సంగతి ఉంటుందని ఎవరికీ తోచదు. తోచనివాళ్ళకు చెప్పబోతే నేనే తికమకపడతాను.

ఆ హోటలు ఫొటోలు నాకు చూపించింది మా బడిలో కొత్తగా చేరిన చిన్న టీచరమ్మ. పెళ్ళిరోజుకు మొగుడూ పెళ్ళామూ పోయి వచ్చారట. పాతకాలం బంగళాను హోటలుగా మార్చారు. మొత్తం పది గదులు కూడా ఉండవు. ఎర్రటి గచ్చు నేల, కొయ్య మెట్లు, పెద్ద కిటికీ, కిటికీకి ఆనుకుని కూర్చోవడానికి అరుగు, దాని మీద పరుపు. ఆ పిల్ల తన ఫొటోలు చూపిస్తుంటే నేను వాటి వెనకాల కిటికీని చూస్తూ కూర్చున్నాను. ఒక ఫొటోలో ఆ అరుగు మీద ఎవరూ లేరు. నా మనసు అక్కడే ఆగిపోయింది.

మాది రెండు గదుల ఇల్లు, ఐదుగురం మనుషులం. పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో నేనొక్కదాన్నే ఒక గదిలో పడుకున్న రాత్రి ఒక్కటీ లేదు. స్నానానికి పోయినా తలుపు మీద ఎవరో ఒకరు కొడతారు, పొడి టవలు ఎక్కడుందనో, గ్యాస్ ఆపేశావా అనో. ఇది ఫిర్యాదు కాదు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. చెడ్డవాళ్ళయితే నాకింత బాధ ఉండేది కాదు.

గురువారం సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మా అక్క గడప దగ్గర కూర్చుని ఉంది. అక్క అంటే తోబుట్టువు కాదు, తోడికోడలు, మా ఆయన అన్న భార్య. ఎమ్మిగనూరులో ఉంటారు. బావ, ఆమె ఇప్పటికీ మగ్గం మీదే బతుకుతున్నారు. మా ఆయన మగ్గం వదిలేసి మిల్లులో చేరాడు కానీ ఆ ఇల్లే మా అందరికీ మూలం. నేను ఆస్పరి దగ్గర మెట్టపొలాల ఊరి నుంచి వచ్చిన దాన్ని, పడుగంటే ఏంటో పేకంటే ఏంటో తెలియకుండా ఆ ఇంట్లో కాలు పెట్టాను. నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక అని చేయి పట్టుకుని చూపించింది ఆమే. నేను బీఎడ్ చదివిన ఏడాది మా పెద్దోణ్ణి తన దగ్గర పెట్టుకుని పెంచింది కూడా ఆమే. వాడు నన్ను చూసి ఏడ్చి ఆమె చంకెక్కిన రోజులున్నాయి.

అక్క ఒళ్ళో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. ఎమ్మిగనూరు నుంచి బస్సులో దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని వచ్చిందట, పక్కన సీటు ఖాళీగా ఉన్నా కింద పెట్టలేదట.

"కొండకు పోతాండావంట కదా అమ్మీ. అత్త ఫోన్ చేసి సెప్పింది."

ఒక చెప్పు విడిచి, రెండోది కాలికి ఉంచుకునే నిలబడ్డాను.

అక్కకు ఒక్కతే కూతురు, మా అందరికీ ఇప్పటికీ 'పాపే'. పెళ్ళయి ఐదేళ్ళు. రెండుసార్లు కడుపొచ్చి రెండుసార్లూ పోయింది. రెండుసార్లూ కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు, ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. ఇప్పుడు మూడోసారి. ఆరో నెల. పిల్లను పుట్టింటికి తెచ్చి పెట్టుకుని, మంచం దిగనీయకుండా చూసుకుంటోంది.

కవరులో ఉన్నది కండువా. దేవునికి. తెల్లటి నూలు, సన్నటి ఎర్రంచు. మా వాళ్ళలో దేవునికిచ్చే గుడ్డకు ఒక పద్ధతుంది. అమ్మకానికి నేసే పడుగులోంచి కోసిన ముక్క పనికిరాదు, దానికని వేరే పడుగు ఎక్కించాలి. నేసే మనిషి తలస్నానం చేసి, నోట్లో నీళ్ళైనా పోసుకోకముందు, ఎవరితో మాట్లాడకుండా నెయ్యాలి. అక్క రోజుకు ఒక జానెడు చొప్పున నేసిందట. ఇంకొకటి, మగ్గం దిగినాక దానికి నీళ్ళు తగలకూడదు. నీళ్ళు తగలని గుడ్డను కోరా గుడ్డ అంటారు, గంజి వాసన వేస్తూ కాస్త గరుగ్గా ఉంటుంది. ఒక్కసారి ఉతికారంటే అది ఎవరో కట్టి విడిచిన గుడ్డ కిందే లెక్క. చివరగా నాలుగు మూలలా పసుపు అద్ది పేరు చెప్పి మడుస్తారు. ఆ మడత ఇక దేవుని దగ్గరే విప్పాలి.

"నేనే పోవాలనుకుంటి. బిడ్డనిడిసి యాడ పోయేది? నువ్వు పోతాండావని తెలిసినాక, ఆయప్పే నిన్ను పిలిపిచ్చుకుంటాండాడనిపిచ్చింది" అంది అక్క. "హుండీలో ఏసి పాప పేరు సెప్పు. నువ్వు టీచరమ్మవి, పిల్లోళ్ళే నీ మాట ఇంటారు, ఆయప్ప ఇనడా?"

తనే నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. పక్కనే అత్త, లోపల మా ఆయన, వీధిలో పక్కింటివాళ్ళు. ఇంతమంది ముందు ఎట్లా చెప్పేది అనుకున్నాను. ఇంతమంది ముందు అబద్ధం ఎట్లా చెప్పానో మాత్రం అనుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చి రెండు చేతులా ఆ కవరు అందుకున్నాను. అక్క దానికి దండం పెట్టి, ఆ చేతులే నా మొహం చుట్టూ తిప్పి మెటికలు విరిచింది.

శుక్రవారం సాయంత్రం రైలెక్కాను. శనివారం పొద్దున్నే బెంగళూరు. ఆటో ఆ బంగళా ముందు ఆగేసరికి నా చెప్పులు చూసుకుని వెనక్కి పోదామా అనుకున్నాను. లోపల అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. ఎక్కడి నుంచో నిమ్మగడ్డి వాసన. ఒక ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి పూలు వదిలారు. మా ఇంట్లో అలాంటి గంగాళం అటక మీద పడుంది, దాంట్లో పాత ఫ్యాను రెక్కలున్నాయి. "ఎంతమంది మేడం?" అని అడిగారు. "ఒక్కదాన్నే" అన్నాను. ఎవరూ కనుబొమ్మ కూడా ఎత్తలేదు. ఆ ఒక్క మాట అంత తేలిగ్గా గడిచిపోతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

గది గురించి ఏం చెప్పేది? ఫొటోలో కన్నా బాగుంది. మంచం మీద ఎన్ని దిండ్లో, ఏ దిండు దేనికో తెలియక అన్నీ ఒకసారి ఒత్తి చూశాను. కిటికీ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. బయట సంపెంగ చెట్టు. కుండలాంటి తెల్ల పాత్రలో టీ తెచ్చి పెట్టిపోయారు. మూడు కప్పులు వచ్చింది. మూడూ నేనే తాగాను. నా జన్మలో మొదటిసారి, టీ చల్లారకముందు తాగాను.

స్నానం చేసి బట్టలు తీసుకోబోతే సంచిలో కండువా కవరు. దాని మీద నా చెప్పుల సంచి. రైల్లో ఎప్పుడు అటూ ఇటూ అయిందో, దేవుని గుడ్డ మీద చెప్పులు పెట్టుకుని రాత్రంతా వచ్చాను. అయ్యో రామా అని దాన్ని బయటికి తీసి కళ్ళకద్దుకున్నాను. ఎక్కడ పెట్టేది? మంచం మీద వద్దు, పడుకునే చోటు. బల్ల మీద వద్దు, తినే చోటు. కిటికీ పక్కన గోడకు ఎత్తుగా ఒక కొయ్య అలమర ఉంది. దాంట్లో హోటలువాళ్ళు నేత దుప్పట్లు, శాలువాలు మడిచి పేర్చారు. శుభ్రంగా ఉంది, కాళ్ళు తగలని చోటు. కవరులో దేవుని గుడ్డకు ఊపిరాడదని, కవరు తీసేసి, ఆ మడతల మీద కండువా పెట్టి, దండం పెట్టుకుని బయటికి పోయాను.

చెప్పుల కిందే వదిలేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆ కాస్త భక్తి చూపించకపోతే బాగుండేదని ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్నానో.

వీధులు తిరిగాను. ఒక చోట దోసె తిన్నాను. నాకు వచ్చిన ఆదోని కన్నడంలో పూలమ్మితో బేరమాడి మల్లెలు కొనుక్కున్నాను. మధ్యాహ్నం మూడింటికి గదికి వస్తే పక్క కొత్తగా పరిచి ఉంది, అలమర సర్ది ఉంది. కండువా లేదు.

అలమరలో మడతలన్నీ తీసి వెతికాను. గది సర్దే ఆమెను పిలిపించాను. నా వయసే ఉంటుంది, కోలారు వైపు మనిషి, తెలుగు వచ్చు.

"ఆ తెల్లదా మేడం? ఎర్రంచుది? మా శాలువాల్లో కలిసిపోయినట్టుంది. మూలల్లో పసుపు మరకలు కనిపించి ఉతకడానికి తీసుకుపోతిని. మాదేమో అనుకుంటిని. మీదా?"

"నాదే."

"భయపడొద్దు మేడం, ఇప్పుడే తెస్తా."

తెచ్చింది. రెండు చేతుల మీద పెట్టుకుని, ఎంతో గొప్పగా తెచ్చింది. తెల్లగా, మెత్తగా, పూల సబ్బు వాసనతో, ఇస్త్రీ మడతలతో.

"మెషిన్లో ఏయలేదు మేడం. నేత గుడ్డ కదా అని నా చేత్తోనే ఉతికినాను. నాలుగు మూలలా మరకలు, నిమ్మకాయ పెట్టి రుద్దితే గానీ పోలేదు. సూడండి, ఒక్కటన్నా ఉందా?"

ఒక్కటి కూడా లేదు. నాలుగు మూలలూ తిప్పి తిప్పి చూశాను. ఆ మనిషి నా మొహంలోకి చూస్తోంది, మెచ్చుకుంటానని. నేనేం చెప్పేది? అది మరక కాదమ్మా, మా అక్క కూతురి బిడ్డ అని చెప్పేదా? అప్పుడు నువ్వెందుకు తెచ్చావు ఇక్కడికి అని అడిగితే? దొంగకు తేలు కుట్టినట్టు పళ్ళు బిగబట్టుకుని, "శానా బాగా ఉతికినావమ్మా" అన్నాను. సంతోషంగా పోయింది. నేను తలుపు వేసి నేల మీద కూలబడ్డాను.

ఇప్పుడు నేను చెప్పేది ఎవరికీ చెప్పని సంగతి.

బెంగళూరు నుంచి తిరుపతికి గంట గంటకూ బస్సుంది. ఫోను తీసి చూశాను కూడా. ఆ సాయంత్రమే ఎక్కితే తెల్లారకముందే కొండ కింద ఉండొచ్చు. ఆదివారం దర్శనం చేసుకుని, అక్కడే రైలెక్కి సోమవారానికి ఆదోనికి చేరొచ్చు. ఉతికిన గుడ్డైతేనేం, ఇంకో కోరా గుడ్డ కొనైతేనేం, జరిగింది జరిగిందని ఆ దేవుని ముందు చెప్పుకుని, పాప పేరు చెప్పి రావొచ్చు. అన్నీ తెలుసు. సంచి కూడా సగం సర్దాను.

పోలేదు.

ఉతికిన గుడ్డ ఎట్లా పనికొస్తుందిలే అని ఒక సాకు. ఒక్కదాన్నే రాత్రి బస్సులో ఎట్లా అని ఇంకో సాకు. ఒంటరిగా బెంగళూరు దాకా వచ్చిన దాన్ని! అసలు కారణం ఒక్కటే. ఆ గది వదిలిపెట్టాలనిపించలేదు. కండువాను సంచి అడుగుకు తోసి, కిటికీ అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా చెట్టును చూశాను. గదికే అన్నం తెప్పించుకుని తిన్నాను. అంత పెద్ద మంచం మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా పడుకున్నాను. ఏడుస్తూ తెల్లవార్చానని చెప్తే నా పాపం కాస్త తగ్గుతుందేమో. కానీ కాదు. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఎండ మొహాన పడితే లేచాను.

ఆదివారం ఒక మిఠాయి దుకాణంలో లడ్లు కొని, డబ్బా పారేసి, ఒక గుడ్డలో మూట కట్టుకున్నాను. సోమవారం పొద్దున మా అత్త ఆ లడ్డు ముక్క కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి, "ఈసారి యాలక్కాయ ఎక్కువేసినారమ్మీ" అంది. వీధిలో పది ఇళ్ళకు పంచింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు, నా పాపం మా వీధంతా తిన్నది.

అక్క ఫోన్ చేసింది. "ఏసినావా అమ్మీ?"

"ఏసినానక్కా."

"పాప పేరు సెప్పినావా?"

"సెప్పినా."

ఫోనులో ఆమె ఊపిరి వదలడం వినిపించింది. ఆరు నెలలుగా బిగబట్టుకున్న ఊపిరి.

కండువాకు మళ్ళీ పసుపు పెట్టి చూద్దామని ఒకరోజు వంటింట్లో వేలు ముంచాను. ఒక మూల అద్దేసరికి నా మీద నాకే అసహ్యం వేసి ఆపేశాను. బడి బీరువాలో పాత పరీక్ష పేపర్ల కింద దాచాను. అప్పటినుంచి స్టాఫ్ రూములో ఎవరు బీరువా తెరిచినా భుజాలు తడుముకోవడమే నా పని. అక్క రెండు మూడు రోజులకొకసారి ఫోన్ చేసేది. "నువ్వు ఏసొచ్చినప్పట్నుంచి బిడ్డ బాగా కదులుతాందమ్మీ. నీ చెయ్యి మంచిది." ఆమె ఫోన్ వస్తుంటే మోగనిచ్చి ఊరుకోవడం కూడా మొదలుపెట్టాను. చేసింది చాలక అది కూడా.

ఎనిమిదో నెలలో ఒకరోజు మధ్యాహ్నం పాపే ఫోన్ చేసింది. గొంతు చిన్నగా ఉంది.

"సిన్నమ్మా, నాకు కాళ్ళు మొహం వాచిపోయినాయి. రెండురోజుల్నుంచి తలనొప్పి, కండ్లు మసకేస్తాండాయి. ఈడ డాక్టరమ్మ బీపీ శానా ఉంది, ఈ పొద్దే కర్నూలుకు పోవాలంటాంది. అమ్మ కదలడం ల్యా. నువ్వన్నా సెప్పు."

హెడ్మాస్టరుకు చెప్పి బస్సెక్కాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరు ఎంత దూరమని! ఆ రోజు మాత్రం బస్సు ఎన్ని చోట్ల ఆగిందో. ఇంటికి పోతే బావ మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆయన చేసే పని అదే. పాప మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అక్క ఆమె కాళ్ళు ఒత్తుతోంది. వేలు పెట్టి నొక్కిన చోట గుంట పడి అట్లాగే ఉండిపోతోంది.

"అక్కా, లెయ్యి. కర్నూలుకు పోదాం."

"కర్నూలు ఊసెత్తొద్దు" అంది అక్క, తల ఎత్తకుండా. "రెండుసార్లూ ఆడికే కదా తీస్కపోయింది. రెండుసార్లూ ఏం తెచ్చుకున్న్యాం? ఆ గడప తొక్కితే బిడ్డ బతకదు. రెండు దినాలు ఉప్పు ల్యాకుండా పెడితే వాపు అదే తీస్తుంది."

"డాక్టరమ్మ ఈ పొద్దే అంటాంది."

"డాక్టరమ్మకేం తెలుసు? ఈసారి ఏం కాదు. దేవుని గుడ్డ సేరింది కదా. నీ సేత్తోనే కదా ఏసొచ్చింది? నువ్వే ఇట్ల భయపడితే ఎట్లమ్మీ?"

ధైర్యం చెప్తోంది నాకు. నా చెయ్యి పట్టుకుని మరీ చెప్తోంది. ఆమె మూర్ఖురాలు కాదు. రెండుసార్లు కాలిన మనిషి, పట్టుకోవడానికి ఒకే ఒక్క కొమ్మ దొరికింది, దాన్ని పట్టుకుని వేలాడుతోంది. ఆ కొమ్మ నేను చెప్పిన అబద్ధం. నేను నోరు తెరవకపోతే ఈ పిల్ల ఇక్కడే, ఈ మంచం మీదే పోతుంది.

"అక్కా, కండువా చేరలేదు."

"ఏం సేరలేదు?"

"నేను తిరుపతికి పోలేదు. టీచర్లెవరూ పోలేదు. నేనొక్కదాన్నే బెంగళూరుకు పోయినా, ఒక హోటల్లో ఉండి రావాలని. ఊరికే, ఏం పని ల్యాకుండా. ఆడ వాళ్ళు మరకలనుకోని కండువా ఉతికేసినారు. పసుపు పోయింది. అది నా బడి బీరువాలో ఉంది. హుండీలో ఏసినానని నీకు అబద్ధం సెప్పినా. పాప పేరు నేను ఏ దేవునికీ సెప్పలేదక్కా."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. పాప ఇటు తిరిగింది. అక్క నా చెయ్యి ఇంకా వదల్లేదు, వదలాలని తట్టినట్టు లేదు. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె పెదవులు కదిలాయి.

"అయితే మొక్కు తీరలేదా?"

"తీరలేదు."

లేచింది. దండెం మీది చీర లాగి భుజాన వేసుకుంది. "కారు పిలుసుకరా పో" అంది బావతో. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కారులో కర్నూలు దాకా వెనక సీట్లో కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు సీట్లో నేను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు రాలేదు.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత. అద్దాల పెట్టెలో పెట్టారు. ఇంకొక పూట ఆగి ఉంటే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరు మొహం మీదే అన్నాడు. అక్క తల ఊపింది. పెట్టెలో ఉన్న ఆ ఎర్రటి ముద్దను చూసి కూడా ఆమె కంట్లో ఒక్క చుక్క రాలేదు. ఆసుపత్రిలో అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పింది, మందులు తెచ్చింది, సంతకాలు పెట్టింది. నాతో మాత్రం మాట్లాడలేదు. నేను తెచ్చిన అన్నం తినలేదు. అయినా పోలేదు నేను. ఆమె కూర్చున్న చోటికి నాలుగడుగుల దూరంలో మెట్ల మీద కూర్చున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం నర్సు వచ్చి, బిడ్డ పాలు తాగుతోందని, ఇక భయం లేదని చెప్పింది. అక్క కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. టిఫిన్ డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఎట్లుండె?" అంది.

"ఏదక్కా?"

"ఆ హోటలు."

ఈ ప్రశ్నకు రెండు నెలలుగా జవాబు తయారు చేసుకునే ఉన్నాను. కంటి మీద కునుకు లేదక్కా, అన్నం సయించలేదక్కా, ఎందుకొచ్చినానురా దేవుడా అని ఏడుస్తా ఉంటిని, అని. ఆ జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అది చెప్తే ఆమెకు కాస్త ఓదార్పు, నాకు కాస్త క్షమాపణ. కానీ ఆమెకు ఇంకొక అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"శానా బాగుండె అక్కా. నిద్ర బాగా పట్టింది. కండువా పాడైనంక గూడా పట్టింది."

అక్క మెట్ల కిందికి చూస్తూ ఉంది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"తలుపు కొట్టి ఎవురూ పిలవల్యా?"

"పిలవల్యా."

మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకు. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. నేను చెయ్యి వేయబోతే తోసేసింది.

"నన్ను పిలిసింటే నేనూ ఏదో ఒక అబద్ధం సెప్పి వచ్చేదాన్ని కదే" అంది.

ఆ గది కోసం నేను నెలల తరబడి కలలు కన్నాను. నాకు చదువు రావాలని నా బిడ్డను మోసిన మనిషి, పుట్టినప్పటి నుంచీ నలుగురి మధ్యే పడుకుని లేచిన మనిషి. ఆమెకూ అలాంటి కోరిక ఉంటుందని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.